గంటము, కలము, మీట: నోట్సు వ్రాత చరిత్ర

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్లే దారిలో, శంషాబాదు విమానాశ్రయానికి చేరువలో తుక్కుగూడ ఉన్నది. 2008లో విమానాశ్రయం, ఆ తరువాత ఔటర్ రింగు రోడ్డు వచ్చి ఈ ఊరి రూపురేఖలను మార్చివేశాయి. ఇక్కడి ఇంటర్మీడియట్ సైన్సు విద్యార్థి నేడు రెండు విధాల పరీక్షలకు సిద్ధపడవలసి ఉన్నది. బోర్డు పరీక్షలో గంటల తరబడి కలంతో సమాధానాలు వ్రాయాలి. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో కంప్యూటరు ముందు కూర్చుని సరియైన జవాబును ఎన్నుకోవాలి. తెలంగాణలో ఈ పరీక్ష 2018 నుండి కంప్యూటరు మీదనే జరుగుతున్నది. కనుక పాఠాల నోట్సును చేతితో వ్రాసుకొనడం మేలా, టైపు చేసుకొనడం మేలా అనే ప్రశ్న విద్యార్థికీ, ఉపాధ్యాయునికీ ఎదురవుతున్నది. తెలుగువారి వ్రాత చరిత్రను ఒకసారి తిరగవేస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

పూర్వం తెలుగు గ్రంథాలను తాటాకుల మీద ఇనుప గంటముతో గీసేవారు. గీసిన గాట్లలో మసి పూసి తుడిస్తే అక్షరాలు నల్లగా తేలేవి. తాటాకు కాలక్రమాన చెడిపోతుంది. కాబట్టి గ్రంథం నిలవాలంటే దానికి మళ్లీ మళ్లీ ప్రతులు వ్రాయవలసిందే. అలా ఒక ప్రతిని చూచి మరొక ప్రతి వ్రాసేటప్పుడు అక్షరాలు జారిపోయేవి, పంక్తులు తప్పిపోయేవి. లేఖకుని దస్తూరి ఎంత ముద్దుగా ఉన్నా, అర్థం తెలియకుండా వ్రాసినది తప్పుల పాలయ్యేది.

ఈ సంగతిని బాగా గ్రహించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో కడపలో ఉద్యోగానికి చేరిన ఈ ఆంగ్లేయుడు, తరువాత తన సొంత డబ్బు వెచ్చించి పండితులను, లేఖకులను నియమించాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠభేదాలను గుర్తింపజేసి, పండితుల చర్చతో సరియైన పాఠాన్ని నిర్ణయింపజేశాడు. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెనుక ఇటువంటి శ్రమ ఉన్నది. ఉన్నదానిని దింపుకొనడం ఒక పని. పోల్చి, విచారించి, తేల్చి వ్రాయడం వేరొక పని. మొదటిదానిని బడిలో చూచివ్రాత అంటారు. రెండవదే చదువు.

ఇరవయ్యవ శతాబ్దంలో విజ్ఞానశాస్త్రం తెలుగులోకి మరింతగా రాసాగింది. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, శాస్త్ర గ్రంథాలు కూడా ప్రచురింపజేశారు. అయితే 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనభాష ఉర్దూ. తెలుగులో ఉన్నత తరగతుల పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయడానికి 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. పాఠ్యపుస్తకం అరుదైన చోట ఉపాధ్యాయుడు చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొనక తప్పదు. అక్కడ నోట్సే పుస్తకం. పుస్తకం చేతికి వచ్చిన తరువాత ఆ అవసరం తీరిపోయింది. కాని అలవాటు మాత్రం పోలేదు. పుస్తకంలో ఉన్న వాక్యాన్నే మళ్లీ నోట్సులోకి ఎక్కించడం నేటికీ చాల తరగతులలో కనిపిస్తుంది.

ఇక మీటల సంగతి. అమెరికాలో షోల్స్, ఆయన సహచరులు 1868లో టైపు యంత్రానికి పేటెంటు పొందారు. 1873లో రెమింగ్టన్ సంస్థ దానిని తయారు చేయసాగింది. ఇరవై ఆరు అక్షరాల ఇంగ్లీషుకు ఈ యంత్రం చక్కగా అమరింది. గుణింతాలు, వత్తులు గల లిపికి అమర్చడం అంత సులభం కాలేదు. గుర్తును కొట్టినప్పుడు కాగితం పక్కకు జరగకుండా ఉండే ప్రత్యేకపు మీటలు భారతీయ లిపుల యంత్రాలకు అవసరమయ్యాయి. 1966 అధికార భాషా చట్టం తరువాత కార్యాలయాలలో తెలుగు టైపుకు ప్రాధాన్యం పెరిగింది. కాని సైన్సు విద్యార్థికి దానివల్ల ఒరిగినది తక్కువ. సల్ఫ్యూరికామ్లపు సంకేతంలో 2, 4 అంకెలను అక్షరాల పాదంలో ఉంచడానికే చుట్టను కొంచెం తిప్పవలసి వచ్చేది. టైపు చేసిన పరిశోధన గ్రంథాలలో సైతం సమీకరణాలకు చోటు వదలి, పిమ్మట కలంతో పూరించేవారు.

కంప్యూటరు ఈ చిక్కులను చాలవరకు తీర్చింది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానం దొరికింది. ఇందులో ‘క్ష’ కు విడిగా సంకేతం లేదు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలను వరుసగా ఇస్తే యంత్రమే వాటిని జోడించి చూపుతుంది.

యంత్రం సిద్ధమయింది సరే, మనస్సు మాట ఏమిటి? 2014లో అమెరికాలో మ్యుల్లర్, ఒపెన్‌హైమర్ అనే పరిశోధకులు మూడు ప్రయోగాల ఫలితాలను ప్రకటించారు. టైపు చేసిన విద్యార్థులు ఎక్కువ మాటలు ఎక్కించుకున్నారు, కాని విన్నది విన్నట్లే ఎక్కించుకున్నారు. భావాన్ని అడిగే ప్రశ్నలలో వారు వెనుకబడ్డారు. మాటకు మాట దింపవద్దని ముందుగా హెచ్చరించినా ఆ ధోరణి తగ్గలేదు. అయితే 2019లోను, 2021లోను ఇతరులు ఇదే ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు పరీక్ష ఫలితాలలో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. 2024లో నార్వే పరిశోధకులు 36 మంది విద్యార్థుల మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసి, చేతితో వ్రాసేటప్పుడు మెదడు భాగాల మధ్య సంబంధం విస్తృతంగా ఉన్నదని చూపారు. కాని అందులో టైపు చేసినది ఒక్క వేలితోనే. జ్ఞాపకశక్తిని వారు పరీక్షించలేదు. కావున కలానికే గెలుపు అని ఇప్పుడే తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది.

తేలుతున్నది ఇంతే. చూచివ్రాత కలంతో చేసినా, మీటతో చేసినా చూచివ్రాతే. మీటకు వేగం ఎక్కువ కాబట్టి ఆ ప్రమాదం అక్కడ మరికొంత ఎక్కువ. సైన్సులో కలానికి ఇంకొక ఆధిక్యం కలదు: కటకం గుండా పోయే కిరణపు మార్గం, బెంజీను వలయం, విద్యుద్వలయం గీస్తేనే వంటపడతాయి. జె.ఇ.ఇ. మెయిన్ కంప్యూటరు మీద జరుగుతున్నా, బి.ఆర్క్ అభ్యర్థుల చిత్రలేఖన భాగాన్ని కాగితం మీదనే ఉంచారు. నిర్వచనాలు, పట్టికలు టైపు చేసుకుంటే దిద్దడం, వెదకడం, పదిమందికి పంచడం సులువు. చేయి సహకరించని విద్యార్థికి మీట గొప్ప ఆసరా.

తరగతిలో విన్నదానిని బొమ్మలతో క్లుప్తంగా చేతితో వ్రాసుకొని, సాయంకాలం పుస్తకం మూసి తన మాటలలో తిరిగి వ్రాసి, తప్పొప్పులను పుస్తకంతో పోల్చి చూచుకొనడం మంచి పద్ధతి. కడపలో బ్రౌన్ పండితులు చేసిన పనీ ఈ కోవకు చెందినదే. ఉపాధ్యాయులు నోట్సును దిద్దేటప్పుడు పేజీల లెక్క కన్న, విద్యార్థి సొంతంగా వ్రాసిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో చూడడం అవసరం.