ఫుట్‌బాల్ మేనేజర్లు - అభిమానుల సహనం

ఇంగ్లాండు ఫుట్‌బాల్ క్లబ్బులలో జట్టును ఎంపిక చేసి, ఆట వ్యూహాన్ని నిర్ణయించే వ్యక్తిని మేనేజరు అంటారు. కొత్త మేనేజరుకు అభిమానులు ఎంత గడువు ఇస్తారనేది తరచు చర్చకు వచ్చే విషయం. అయితే మేనేజరును తొలగించే అధికారం క్లబ్బు యాజమాన్యానిదే. అభిమానుల సహనానికి, యాజమాన్యపు సహనానికి గల తేడాను మాంచెస్టర్ యునైటెడ్ చరిత్రలోని రెండు ఉదాహరణలు తెలుపుతాయి.

అలెక్స్ ఫెర్గూసన్

1986 నవంబరు 6న ఫెర్గూసన్ మేనేజరుగా నియమితుడైనపుడు 22 జట్లు గల మొదటి డివిజన్‌లో యునైటెడ్ 21వ స్థానంలో ఉన్నది. 1987-88లో రెండవ స్థానానికి చేరినా, మరుసటి సీజన్‌లో 11వ స్థానానికి పడిపోయినది. 1989 సెప్టెంబరులో పొరుగు జట్టు మాంచెస్టర్ సిటీ చేతిలో 1-5 గోల్స్‌తో ఓడిపోయినది. ఆ డిసెంబరులో, మూడేళ్ళ సాకులు చాలునంటూ ఫెర్గూసన్‌కు వీడ్కోలు చెప్పే బ్యానరు సొంత మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే వెలసినది. యాజమాన్యం మాత్రం అతనిని కొనసాగించినది. 1990 మే నెలలో ఎఫ్.ఏ. కప్పు, 1993లో 26 సంవత్సరాల తరువాత లీగ్ టైటిల్ క్లబ్బుకు లభించాయి. 2013లో పదవీ విరమణ చేసేనాటికి ఇతడు యునైటెడ్‌కు 13 లీగ్ టైటిళ్ళు సాధించిపెట్టాడు.

డేవిడ్ మోయెస్

ఫెర్గూసన్ తరువాత మోయెస్ ఆరేళ్ళ ఒప్పందంపై మేనేజరు అయ్యాడు. అంతకు ముందు సీజన్‌లో లీగ్ గెలిచిన జట్టు ఇతని హయాంలో ఏడవ స్థానానికి దిగజారినది. 2014 మార్చిలో ఆస్టన్ విల్లాతో ఆట సందర్భంగా, ఇతనిని తొలగించాలని కోరే బ్యానరుతో ఒక విమానం ఓల్డ్ ట్రాఫర్డ్ మీదుగా ఎగిరినది. దానికి డబ్బు చెల్లించినది కొందరు అభిమానులే. కానీ స్టేడియంలోని ప్రేక్షకులలో చాలామంది ఆ విమానాన్ని గేలిచేసి, మోయెస్‌కు చప్పట్లతో మద్దతు తెలిపారు. అయినప్పటికీ ఏప్రిల్ 22న, పది నెలలైనా నిండకముందే, యాజమాన్యం ఇతనిని తొలగించినది.