పాటలు మారాయి, కోపు నిలిచింది

పుల్లలచెరువు, త్రిపురాంతకం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో ఇప్పుడు శ్రీరామనవమి ఊరేగింపు గానీ తిరునాళ్ల గానీ జరిగితే ముందు నడిచేది ఎక్కువగా ఆడవాళ్ల కోలాటమే. అందరిదీ ఒకే రంగు చీర. కాళ్లకు గజ్జెలు, చేతిలో రంగు కోలలు, వెనక ట్రాలీ మీద పెద్ద స్పీకర్లు. రెండు తరాల కిందట ఈ మెట్ట ఊళ్లలో కోలాటమంటే చాలావరకు మగవాళ్ల ఆట. ఈ మార్పు చూసి పాత కళ మళ్లీ లేచి కూర్చుందని సంబరపడేవాళ్లున్నారు. ఇది కోలాటమే కాదు, గుడి ముందు పెట్టిన రికార్డింగ్ డాన్సు అని నొచ్చుకునేవాళ్లూ ఉన్నారు. రెండు వాదాలూ పైకి కనిపించేదాన్నే కొలుస్తున్నాయి: ఎవరు ఆడుతున్నారు, ఏం కట్టుకున్నారు, ఏ పాటకు ఆడుతున్నారు. కోలాటం ఇన్ని శతాబ్దాలు బతికింది వీటి వల్ల కాదు. అది బతికింది కోపు వల్ల. ఆ కోపు ఏ పాటకూ కట్టుబడి ఉండకపోవడం వల్ల. ఇవాళ్టి పునరుజ్జీవనంలో మంచినీ చెడునీ తేల్చాలంటే ముందు చూడవలసింది ఆ స్వేచ్ఛ ఇంకా ఉందా లేదా అన్నదే.

కోపు అంటే ఒట్టి అడుగు కాదు. ఆడేవాళ్లంతా కలిసి నేల మీద గీసే నడక అది. ఇద్దరు ఎదురెదురుగా నిలిస్తే ఒక ఉద్ది. ఉద్దులన్నీ కలిసి లోపలొక వలయం, బయటొక వలయం అవుతాయి. లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి దూరుతూ, ఎదుటి కోలకు ఒక దెబ్బ, పక్క కోలకు ఒక దెబ్బ వేస్తూ చుట్టు తిరిగి మళ్లీ సొంత ఉద్ది దగ్గరకు చేరాలి. సంఖ్య సరి కాకపోతే ఆట సాగదు. ఒక్కరు తప్పినా తర్వాతి దెబ్బ గాలిలో పడుతుంది. అన్నిటికన్నా కఠినమైనది జడకోపు. పైనుంచి వేలాడే తాళ్ల కొసలు తలా ఒకటి ఒక చేత, కోల ఇంకో చేత పట్టుకుని, ఒకరినొకరు దాటుకుంటూ తాళ్లను జడగా అల్లుతారు. ఆ తర్వాత అదే నడకను తిరగేసి జడను విప్పుతారు. అల్లేటప్పుడు జరిగిన తప్పు విప్పేటప్పుడు బయటపడుతుంది, ఎంత పాడినా దాన్ని కప్పిపుచ్చలేరు. పాటలో మాట మరిచిపోతే పక్కవాళ్లు అందిస్తారు. కోపులో చోటు మరిచిపోతే అందించేవాళ్లుండరు. కోలాటంలో విద్య అంతా ఈ భాగంలోనే ఉంది.

దీని ప్రాచీనతకు సాక్ష్యాలు అరుదేమీ కావు. ఏ సాక్ష్యం ఎంతవరకు పనికొస్తుందో మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని, వాళ్ల ఆటపాటలను, బొమ్మలాటలను వర్ణించాడు. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న త్రిపురాంతకం పుల్లలచెరువుకు పొరుగు. అంటే దారిపొడవునా ఆడుతూ పాడుతూ సాగే యాత్రికుల గుంపులు ఈ నేలకు ఏడెనిమిది వందల ఏళ్లుగా తెలుసు. శారదాతనయుడి భావప్రకాశనం రాసకమనే బృంద నృత్యానికి పదహారు, పన్నెండు లేదా ఎనిమిది మంది స్త్రీలు కావాలంటుంది. అన్నీ సరి సంఖ్యలే, అన్నీ ఉద్దులుగా విడిపోయేవే. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54లో ముగించిన నృత్త రత్నావళిలో నాలుగు అధ్యాయాలు మార్గానికి, నాలుగు దేశికి కేటాయించాడు. ఆ దేశి నృత్యాల్లో కర్రలు పట్టి ఆడే దండరాసకం ఉంది. దేశి నృత్యానికి శాస్త్రంలో సగం చోటు ఇచ్చాడంటే, అప్పటికే దాన్ని పక్కన పెట్టలేనంత బలం దానికి ఉందని అర్థం. హంపీ మహానవమి దిబ్బ రాళ్ల మీద కర్రలు పట్టుకుని వరసగా ఆడే స్త్రీలు ఇప్పటికీ కనిపిస్తారు.

వీటన్నిటికంటే నాకు విలువైనదిగా తోచే సాక్ష్యం ఒక పరదేశిది. రోము నగరవాసి పియెత్రో దెల్లా వాల్లే 1623 నవంబరులో కెళది నాయకుల రాజధాని ఇక్కేరిలో గౌరి పండుగ చూశాడు. రాత్రివేళ వీధుల్లో ఆడపిల్లలు జానెడు పొడవున్న రంగు కర్రలు కొట్టుకుంటూ గుండ్రంగా తిరిగారని, నేర్పరి ఒకతె చరణం పాడితే మిగతావాళ్లు కోలే, కోలే అని పలుమార్లు అందుకున్నారని రాసిపెట్టాడు. ఆ మాటకు అర్థం తనకు తెలియదని, ఏదో సంతోషాన్ని చెప్పే మాట కావచ్చని అనుకున్నాడు. కోల అన్న మాట కన్నడిగులకూ తెలుగువాళ్లకూ వివరించనక్కరలేదు. పాట భావం తెలియకపోయినా ఆట నడక అతనికి స్పష్టంగా కనిపించింది కాబట్టే నాలుగు వందల ఏళ్ల తర్వాత మనం దాన్ని గుర్తుపట్టగలుగుతున్నాం. చేతిలో కర్రలుంటే చాలు, అది గుజరాతు దాండియా నుంచి వచ్చిందని ఈమధ్య అలవాటుగా అనేస్తున్నారు. ఆ మాటకు ఈ ఒక్క రాత్రి వర్ణనే జవాబు. పోలిక నిజమే. ఇచ్చిపుచ్చుకోవడాలు జరిగి ఉండవచ్చు కూడా. అయితే దక్కనులో కోలాటం నిన్నటి దిగుమతి కాదు.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. శాస్త్రగ్రంథం రాజసభ కోసం రాసింది, దిబ్బ మీది శిల్పం రాజు వేడుకది. వాటినుంచి మెట్ట రైతు కోలాటానికి గీత గీయడం న్యాయమా? ఒకే ఆట వంశవృక్షంలా తల్లినుంచి బిడ్డకు దిగి వచ్చిందని చెప్పడానికి ఈ సాక్ష్యాలు చాలవు. నేనూ అలా చెప్పడం లేదు. చెప్పదగింది ఇంతే: సరి సంఖ్య, ఎదురెదురు జంట, వలయం, కోల దెబ్బ, ఒకరు పాడితే అందరూ అందుకోవడం అనే అమరిక వేరువేరు కాలాల్లో, వేరువేరు కొలువుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. పాటల్లోని దేవుడు మాత్రం ప్రతిసారీ మారుతున్నాడు. మొన్నమొన్నటి చరిత్ర కూడా ఇదే చెబుతుంది. రామాలయం ముందు రామదాసు కీర్తనకు వేసిన కోపే శివాలయం దగ్గర శివుడి పాటకు వేశారు. పల్లెల్లో క్రిస్మస్ రాత్రి ఏసు పాటలకు వేశారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి జానపద రూపాల్లోకి రాజకీయాన్ని దింపినప్పుడు కోలాటం కూడా ఆ పనికి ఒదిగింది. ఊరందరికీ గుడి ముందు ఆడే హక్కు ఒకేలా లేని రోజుల్లో కూడా వాడకొక బృందం ఉండేది. వాకిళ్లు వేరైనా కోపులు పెద్దగా వేరు కాలేదు. మనుషుల్ని విడదీసిన గోడలు నడకల్ని విడదీయలేకపోయాయి.

మరి అది ఎందుకు సన్నగిల్లింది? సినిమా, టీవీ అని చటుక్కున చెప్పేస్తారు. వాటి పాత్ర ఉంది. అయితే పడమటి ప్రకాశం సంగతి తెలిసినవాళ్లు వలసనూ లెక్కలోకి తీసుకుంటారు. పాత పద్ధతిలో కోలాటం నేర్చుకోవడానికి పంట ఇంటికొచ్చాక దొరికే ఖాళీ కావాలి. గురువును పిలిపించుకుని, కొన్ని వారాలు రాత్రుళ్లు సాధన చేసి, చివర గజ్జెపూజ చేయాలి. చెక్కభజనకూ ఇదే వరస. వరస కరువులతో మగవాళ్లు వేసవి పనులకు గుంటూరు, హైదరాబాదు దారి పట్టాక ఉద్దులు నిండలేదు. ఎనిమిది మందిలో ముగ్గురు ఊళ్లో లేకపోతే మిగిలిన అయిదుగురూ ఆడలేరు. ఒంటరి కళలు మనిషితో పాటు వలస పోగలవు, కోలాటం పోలేదు.

తిరిగి లేచింది ఆడవాళ్ల చేతుల్లో. తిరుమల తిరుపతి దేవస్థానం దాససాహిత్య ప్రాజెక్టు భజన బృందాలను కూడగట్టడం, బ్రహ్మోత్సవాల్లో వాహనసేవ ముందు ఊరూరి కోలాట బృందాలకు చోటు దొరకడం దీనికి పెద్ద ఊతమిచ్చాయి. ఇంకొక కారణం కూడా ఉందని నా ఊహ. 1990లలో పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు సంఘాలు ఊరూరా పుట్టాయి. పది పదిహేను మంది ఆడవాళ్లు వారం వారం ఒకచోట కూర్చుని, డబ్బు లెక్క చూసుకుని, ఒకరి మాట ఒకరు వినడం అలవాటైంది. కోలాట బృందానికి కావలసింది సరిగ్గా అంతమందే, అటువంటి నమ్మకమే. గుంపు ముందే ఉంది, కోలలు తర్వాత వచ్చాయి. ఆడవాళ్లు దిగడం సంప్రదాయానికి విరుద్ధమనే మాటకైతే హంపీ రాళ్లూ ఇక్కేరి రాత్రీ జవాబు చెబుతాయి. పాత సాక్ష్యాల్లో ఎక్కువచోట్ల ఆడినవాళ్లు ఆడవాళ్లే.

పునరుజ్జీవనం ఎలా దారి తప్పుతుందో, ఎలా నిలబడుతుందో తెలుసుకోవడానికి ఇంగ్లండు అనుభవం ఉపయోగపడుతుంది. అక్కడి పల్లె నృత్యాలుగా పేరుపడ్డవాటిని 1651లో జాన్ ప్లేఫోర్డ్ అనే పుస్తక వ్యాపారి వంద పైచిలుకు నృత్యాలతో అచ్చు వేశాడు. అవీ మన ఉద్దుల్లాగే ఎదురెదురు వరసలు, వలయాలు, చోట్లు మార్చుకుని మళ్లీ సొంత జంటను చేరుకోవడాలు. ఆ పుస్తకం 1728 దాకా 18 ముద్రణలు పొందింది. తర్వాత ఫ్యాషన్ మారి ఆ నృత్యాలు చాలావరకు పుస్తకాల్లోనే మిగిలాయి. 1899 డిసెంబరు 26న ఆక్స్‌ఫర్డ్ దగ్గర హెడింగ్‌టన్‌లో, మంచు వల్ల పనులు ఆగిపోయి నాలుగు డబ్బుల కోసం ఆడుతున్న మోరిస్ నృత్య బృందాన్ని సెసిల్ షార్ప్ అనే సంగీత ఉపాధ్యాయుడు చూశాడు. మరునాడే వాళ్ల వాద్యకారుడు విలియం కింబర్ దగ్గర బాణీలు రాసుకున్నాడు. ఆ తర్వాత ప్లేఫోర్డ్ పుస్తకం లోంచి నృత్యాలను తిరిగి కట్టి, 1911లో సంఘం పెట్టి, నేర్పేవాళ్లకు పరీక్షలు పెట్టాడు. లండన్ కుట్టుపని పిల్లలకు ఈ ఆటలు నేర్పించిన మేరీ నీల్ దీన్ని ఒప్పుకోలేదు. ఆట మనిషి నుంచి మనిషికి అందాలి, అందులో ఆనందం ముఖ్యం, పరీక్షలు కాదు అన్నది ఆమె పక్షం. సంస్థ షార్ప్‌ది గెలిచింది. న్యాయం చాలావరకు నీల్ పక్షాన ఉందని నా అభిప్రాయం. అయినా షార్ప్‌కు నడక చెప్పే పుస్తకం ఉంది, నడక రాసే ఓపిక ఉంది. ఆ రెండూ లేకపోతే ఇవాళ అక్కడ ఆ నృత్యాలు ఉండేవి కావు.

అక్కడికీ ఇక్కడికీ ఉన్న అసలు తేడా చాలామంది గమనించనిది. ప్లేఫోర్డ్ పుస్తకంలో ఒక్కో నృత్యానికి ఒక్కో పేరు, నెత్తిన ఒక్కో బాణీ. ఆ బాణీ ఎంత పొడవో నడకా అంతే. మన కోపుకు అలాంటి బాణీ లేదు. గురువు పాడుతూ ఒక ఉద్ది వెనకబడితే పల్లవిని ఇంకోసారి తిప్పుతాడు. అందరూ కుదురుకున్నాక కాలం పెంచుతాడు. ముగింపు ఎప్పుడన్నది నేల మీద జరిగేదాన్ని చూసి నిర్ణయిస్తాడు. పాట ఆటను కనిపెట్టుకుని ఉంటుంది. స్పీకరులోంచి వచ్చే పాటకు కళ్లు లేవు. నాలుగున్నర నిమిషాల పాట నాలుగున్నర నిమిషాలకే ఆగుతుంది, జడ సగం విప్పి ఉన్నా సరే. అందుకని బృందాలు తెలివిగా ఆ పాటకు సరిపోయే తేలిక కోపులే ఎంచుకుంటాయి. కష్టమైనవి మెల్లగా మానేస్తాయి. వంద ఊళ్లు ఒకే పాట పెట్టుకుంటే వంద ఊళ్లలో ఒకే నాలుగైదు నడకలు మిగులుతాయి. ఈ నష్టం చీరల వల్ల రాలేదు, ఆడవాళ్ల వల్ల రాలేదు, భక్తి వల్ల అసలే రాలేదు. దీనికి ఎదురుచెప్పేవాళ్ల మాటలోనూ నిజముంది: పగలంతా కూలికి పోయి వచ్చిన మనిషి ఆడుతూ గొంతెత్తి పాడడం కష్టం, పాడుతూ నడిపించే గురువులు తగ్గిపోయారు, స్పీకరు లేకపోతే అసలు ఆటే ఉండేది కాదు. ఒప్పుకుంటాను. స్పీకరు గుంపును నిలబెట్టింది. అయితే అలా నిలబడ్డ గుంపుకే ఇప్పుడు పాడే గొంతు ఒకటి దొరికితే ఎన్ని కోపులు తిరిగొస్తాయో ఆలోచించాలి.

రికార్డు చేసుకుంటున్నాం కదా, ఇక పోయేదేముంది అంటారు. సెల్‌ఫోను ముందునుంచి తీస్తుంది. అందులో ముఖాలు, చీరలు, చేతులు కనిపిస్తాయి. వెనక వలయంలో ఎవరు ఎవరిని ఏ పక్కనుంచి దాటారో కనిపించదు. కోపు తేటగా కనిపించేది మేడ మీదినుంచి, లేదా కాగితం మీద. పేరిణి నృత్యాన్ని నటరాజ రామకృష్ణ తిరిగి కట్టడానికి జాయప శ్లోకాలూ రామప్ప గుడి శిల్పాలూ కావలసి వచ్చాయి, ఎందుకంటే మధ్యలో ఆడే ఒళ్లు లేకుండా పోయాయి. కోలాటానికి ఆ దుస్థితి ఇంకా రాలేదు. ఆడిన మగ పెద్దలు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు, ఆడుతున్న ఆడవాళ్లు కళ్లముందే ఉన్నారు. ప్లేఫోర్డ్ మగవాళ్లకు నెలవంక గుర్తు, ఆడవాళ్లకు చుక్క ఉన్న సున్న గుర్తు పెట్టి నడకలు రాశాడు. మనకు ఆ గుర్తులు పనికిరావు, బృందమంతా ఆడవాళ్లే, కాకపోతే అంతా మగవాళ్లే. మనకు కావలసినవి లోపలి ఉద్దికి ఒక గుర్తు, బయటి ఉద్దికి ఒక గుర్తు, దెబ్బకొక గీత, దాటే పక్కకొక బాణం. పైన రాయడానికి పాట పేరు ఏదీ అక్కర్లేదు.