యాత్రికుల ఊళ్ళో సొంతవాళ్ళు

పెరటాసి నెల వస్తే తమిళనాడు నుంచి తిరుపతికి జనం పోటెత్తుతారు. మారండహళ్ళి వంటి ధర్మపురి జిల్లా ఊళ్ళవాళ్ళకు అది దేవుడి ఊరు. అక్కడే కాపురముండేవాళ్ళకు మాత్రం యాత్రికుడు అన్నదాత, అడ్డూ కూడా.

ఊరు పుట్టిందే యాత్ర చుట్టూ. 1130లో రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి మాడవీధులు వేయించారని చెబుతారు. 1843లో తిరుమల కొండ పెత్తనం ఈస్టిండియా కంపెనీ చేతి నుంచి హాథీరాంజీ మఠం మహంతులకు వెళ్ళింది. 1886లో మునిసిపాలిటీ వచ్చింది. 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడింది. అప్పటికింకా కొండెక్కాలంటే నడక, లేదంటే డోలీ. వచ్చినవాళ్ళు దిగువ తిరుపతి సత్రాల్లో ఆగాల్సిందే కనుక ఊరికి, యాత్రికుడికి ముఖపరిచయం ఉండేది.

1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాక ఆ లెక్క మారింది. బస్సెక్కి నేరుగా పైకి పోయేవాడికి కింది ఊరు దారిలో ఒక మజిలీ, అంతే. రద్దీకి చోటు చేయడానికి కొండమీద మాస్టర్ ప్లాన్ వేశారు. తరాలుగా గుడి చుట్టూ బతికిన కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేశాయి. 2003లో వేయికాళ్ళ మండపాన్నీ కూల్చారు. దాని గురించి తిరుపతి పెద్దవాళ్ళను కదిలిస్తే ఈనాటికీ గొంతులో కోపం వినిపిస్తుంది. నా మటుకు నాకు అది న్యాయమైన కోపమే.

2011 జనగణన ప్రకారం నగర జనాభా మూడు లక్షల లోపు. కొండకు ఏటా వచ్చేవాళ్ళు 2 కోట్ల పైమాట. వెనిస్ 2024లో పగటి సందర్శకుల మీద రుసుము పెట్టింది, అదే ఏడాది బార్సిలోనాలో నిరసనకారులు నీటి తుపాకులతో పర్యాటకుల మీద నీళ్ళు చిమ్మారు. తిరుపతిలో అలాంటి ఆలోచన కూడా రాదు. లాడ్జీ, హోటలు, జీపు, పూలకొట్టు, అన్నీ యాత్రికుడి మీదే నడుస్తాయి. పైగా వచ్చేవాడు భక్తుడు. పొమ్మనడానికి నోరెలా వస్తుంది? ఇక్కడివాళ్ళ గొడవల్లా ఒక్కటే: మా ఊరి దేవుణ్ణి చూడ్డానికి మేమూ అందరితో పాటు క్యూలో మగ్గాలా?

ఆ మాట కొంత ఫలించింది. 2024 డిసెంబరు నుంచి ప్రతి నెలా మొదటి మంగళవారం స్థానికులకు దర్శనం కల్పిస్తున్నారు. తిరుపతి, తిరుమలతో పాటు చంద్రగిరి, రేణిగుంట మండలాలవాళ్ళకూ ఆ అవకాశం ఉంది. నెల తిరిగేసరికి, 2025 జనవరి 8న, వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నగరంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. కొండమీది రద్దీకి కింద వీధులు పడే పాటు అది.

ఇలా రద్దీ భారం మోసే నగరానికి దేవస్థానం బడ్జెట్‌లో 1 శాతం ఖర్చుపెట్టాలని 2023లో పాలకమండలి తలపెట్టింది. హుండీ సొమ్ము రోడ్లకా అని విమర్శలు రేగాయి, ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. ఆ అభ్యంతరంలో పస లేకపోలేదు. కానీ 2 కోట్లమంది నడిచే రోడ్లను, వాళ్ళు వదిలే చెత్తను మూడు లక్షలమంది కట్టే పన్నుతో మోయమనడం కూడా న్యాయం కాదు. హుండీ వద్దంటే, ఆ భారం రాష్ట్ర ఖజానా ఎత్తుకోవాలి.