లెజెండ్ (బాబ్ మార్లీ ఆల్బం)

లెజెండ్, జమైకా దేశానికి చెందిన ప్రఖ్యాత రెగె గాయకుడు, గీత రచయిత బాబ్ మార్లీ పాటల సంకలనం. మార్లీ మరణించిన మూడు సంవత్సరాలకు, 1984 మే నెలలో, ఐలాండ్ రికార్డ్స్ సంస్థ దీనిని విడుదల చేసింది. రెగె సంగీతంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బం ఇదే. ప్రపంచంలో అధిక సంఖ్యాకులకు మార్లీ ఈ సంకలనం ద్వారానే పరిచయమయ్యాడు. అందువలన ఇందులో చేర్చిన పాటలతో పాటు, చేర్చని పాటలు కూడా చర్చకు వచ్చాయి.

నేపథ్యం

బాబ్ మార్లీ 1945లో జమైకాలోని నైన్ మైల్ గ్రామంలో జన్మించాడు. 1963లో కింగ్‌స్టన్ నగరంలో పీటర్ టోష్, బన్నీ వేలర్ మొదలైనవారితో కలిసి వేలర్స్ బృందాన్ని స్థాపించాడు. 1973 నుండి వీరి ఆల్బంలు ఐలాండ్ సంస్థ ద్వారా వెలువడ్డాయి. టోష్, బన్నీ వైదొలగిన తరువాత మార్లీయే బృందానికి నాయకత్వం వహించాడు. 1981 మే 11న, 36 సంవత్సరాల వయసులో, అమెరికాలోని మయామి నగరంలో క్యాన్సర్ వ్యాధితో మరణించాడు.

సంకలనంలోని పాటలను అప్పట్లో ఐలాండ్ సంస్థ బాధ్యతలు చూస్తున్న డేవ్ రాబిన్సన్ ఎంపిక చేశాడు. అంతవరకు రెగె వినని శ్వేతజాతి శ్రోతలను ఆకర్షించడం ఆయన ఉద్దేశం. కనుక ప్రేమ, శాంతి ఇతివృత్తాలుగా గల పాటలకు ప్రాధాన్యం లభించింది.

పాటలు

మొదటి ఎల్.పి. రికార్డులో 14 పాటలున్నాయి. అవి తొలుత వెలువడిన ఆల్బంలు ఇవి:

* క్యాచ్ ఎ ఫైర్ (1973): స్టిర్ ఇట్ అప్
* బర్నిన్ (1973): గెట్ అప్ స్టాండ్ అప్, ఐ షాట్ ద షెరిఫ్
* లైవ్! (1975): నో ఉమన్ నో క్రై
* ఎక్సోడస్ (1977): ఎక్సోడస్, జామింగ్, వెయిటింగ్ ఇన్ వెయిన్, త్రీ లిటిల్ బర్డ్స్, వన్ లవ్
* కాయా (1978): ఈజ్ దిస్ లవ్, సాటిస్‌ఫై మై సోల్
* అప్‌రైజింగ్ (1980): కుడ్ యు బి లవ్డ్, రిడెంప్షన్ సాంగ్
* కన్‌ఫ్రంటేషన్ (1983): బఫెలో సోల్జర్

విమర్శ

పై జాబితాలో రాస్తమాన్ వైబ్రేషన్ (1976), సర్వైవల్ (1979) ఆల్బంల నుండి ఒక్క పాటైనా లేదు. మార్లీ రాజకీయ భావాలు తీవ్రంగా వ్యక్తమైనవి ఈ రెండే. మొదటి దానిలోని "వార్" పాటకు ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ 1963లో ఐక్యరాజ్య సమితిలో జాతి వివక్షను ఖండిస్తూ చేసిన ప్రసంగం ఆధారం. రెండవదానిలోని "జింబాబ్వే" ఆ దేశ స్వాతంత్ర్య పోరాటాన్ని సమర్థించిన పాట. 1980 ఏప్రిల్‌లో ఆ దేశ స్వాతంత్ర్య వేడుకలలో మార్లీ స్వయంగా కచేరీ చేశాడు. ఇటువంటి పాటలను విడిచిపెట్టడం వలన మార్లీ కేవలం ప్రేమగీతాల గాయకుడనే అభిప్రాయం ఏర్పడిందని విమర్శకులు భావిస్తారు.

అయితే ఈ సంకలనంలో రాజకీయం బొత్తిగా లేదనడం సరికాదు. "గెట్ అప్ స్టాండ్ అప్" హక్కుల కోసం నిలబడమని చెప్పే పాట. "బఫెలో సోల్జర్" అమెరికా సైన్యంలోని నల్లజాతి అశ్వికదళాల గురించినది. గిటార్ ఒక్కటే తోడుగా పాడిన "రిడెంప్షన్ సాంగ్"లో మార్కస్ గార్వీ ప్రసంగపు భావం కనిపిస్తుంది.

ఆదరణ

బ్రిటన్‌లో లెజెండ్ 12 వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది. అమెరికాలో బిల్‌బోర్డ్ 200 జాబితాలో 800 వారాలకు పైగా ఉంది. ఆ జాబితాలో 5వ స్థానానికి చేరినది మాత్రం విడుదలైన 30 సంవత్సరాల తరువాత, 2014లో.

తరువాతి సంకలనాలు

1986లో ఐలాండ్ సంస్థ రెబెల్ మ్యూజిక్ పేరుతో రాజకీయ గీతాల సంకలనాన్ని వెలువరించింది. "వార్" పాట కచేరీ రూపం ఇందులో ఉంది. 1992లో నాలుగు సీడీల సాంగ్స్ ఆఫ్ ఫ్రీడమ్ విడుదలైంది. ఇది మార్లీ తొలినాటి జమైకా రికార్డింగుల నుండి చివరి పాటల వరకు చూపుతుంది. మార్లీ సంగీతంలోకి ప్రవేశానికి లెజెండ్ చక్కగా ఉపకరిస్తుంది. ఆయన ఆలోచనలను కూడా తెలుసుకోదలచినవారికి దానికి తోడుగా రెబెల్ మ్యూజిక్ అవసరమవుతుంది.