డోర్నకల్‌లో రైలు మారేలోపు

ఖమ్మంలో ఎక్కిన బండి మిమ్మల్ని డోర్నకల్ జంక్షన్‌లో దింపేసి వరంగల్ వైపు సాగిపోయింది. భద్రాచలం రోడ్డు బండికి ఇంకా టైముంది. ఆ లైను ఇక్కడే చీలి, కారేపల్లి మీదుగా బొగ్గుగనుల వైపు, అడవి వైపు పోతుంది. టీ తాగుతూ బెంచీ మీద కూర్చోవచ్చు. కూర్చోకండి. ఊళ్లోకి నడవండి.

జనవరి పొద్దు. మంచు ఇంకా విడలేదు. చెట్ల మీదుగా ముందు గుమ్మటం కనిపిస్తుంది. దర్గా ఏమో అనుకుంటారు. నాలుగడుగులు వేసేసరికి మినార్లలాంటి బురుజులు. మసీదే అని ఖాయం చేసుకుంటారు. ఇంకాస్త దగ్గరికెళ్తే గుడి మండపంలోలాగా వరస రాతి స్తంభాలు. ఈసారి ఏమనుకోవాలో తోచక తలెత్తి చూస్తే శిలువ.

ఇది ఎపిఫని కతీడ్రల్. మెట్ల దగ్గర ఒక ముసలమ్మ చెప్పులు విడిచి, కొంగు తలమీదికి లాక్కుంటోంది.

"వందనాలమ్మా."

"వందనాలు బిడ్డా. చూస్తందుకొచ్చినవా? చెప్పులిడిచి లోపలికి పో."

లోపలి చలువ ముందు అరికాళ్లకే తెలుస్తుంది. స్తంభం మీది చెక్కడాన్ని వేళ్లతో తడమండి. రేకులు విప్పిన తామర, దానితో కలిసి శిలువ. అక్కడే ఇంకో పువ్వుంది, ఉమ్మెత్త. శివుడి తలమీద ఉండాల్సిన ఉమ్మెత్తకి చర్చిలో పనేమిటి? అది విషపు పువ్వు. అందుకే ఇక్కడ మరణానికి గుర్తుగా పెట్టారు. తామర మన దేశానికి గుర్తు. బైబిల్ చదవడం రానివాళ్లకి కూడా ఉమ్మెత్త అంటే ఏమిటో తెలుసు కదా.

ఈ గుర్తులు ఎంచి పెట్టినాయన తెలుగువాడు కాదు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తిరునల్వేలి దగ్గర వెల్లాలన్‌విలైలో పాస్టరు కొడుకు. అక్కడి క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, నిజాం ఇలాకాలోని ఈ మూలను పనికి ఎంచుకున్నారు. ఆ పని మీదే వచ్చి, ఆయన తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు.

దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల ముఖం మీదే ఒక మాట అన్నాడు. మీరు మా కోసం త్యాగాలు చేశారు, కాదనను, కానీ మాకు కావలసింది స్నేహం అని. నొచ్చుకున్నవాళ్లు చాలామందే. నన్నడిగితే, ఆ మాటకి రాతిలో కట్టిన కొనసాగింపే ఈ భవనం.

ఈ సీమకి మిషన్ అజరయ్య కంటే ముందే వచ్చింది. భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెం దగ్గర, గోదావరి మీద పడవలు నడిపించాలని 1860ల్లో హెయిగ్ అనే ఇంజనీరు దొర రాతికట్ట కట్టించాడు. కోయల మధ్య మిషన్ పెట్టించిందీ ఆయనే. ఖర్చు పెరిగిపోయిందని సర్కారు 1871లో ఆ పడవల పథకాన్ని వదిలేసింది. మిషన్ మాత్రం ఉండిపోయింది. ఇదంతా విక్టోరియా రాణి కాలపు వరస. దొర వస్తాడు, కట్ట కడతాడు, చర్చి కడతాడు. చర్చి అంటే కోసు కమానులు, మొనదేలిన శిఖరం. రాణి పోయాక కూడా ఆ వరస పోలేదు. 1924 క్రిస్మస్ నాడు తెరిచిన మెదక్ చర్చి ఆ బాణీలోదే. అందంగా ఉంటుంది, ఎవరు కాదన్నారు? కానీ ఆ శిఖరం ఇంగ్లండులో ఉన్నా అలాగే ఉండేది. డోర్నకల్ కతీడ్రల్‌ని ఇంగ్లండులో పెట్టి ఊహించుకోండి చూద్దాం.

డోర్నకల్ గుడి కట్టడానికి దాదాపు పాతికేళ్లు పట్టింది. ఇక్కడి విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కడిగే బియ్యంలోంచి పిడికెడు తీసి కానుక కుండలో వేయడం అప్పట్లో ఈ అధ్యక్ష మండలం (డయోసిస్) ఇళ్లలో అలవాటు. ఎసట్లో పడాల్సిన బియ్యం అది. అలాంటి ఇళ్ల మీద ఆధారపడిన సంఘం రాతి గుమ్మటం లేపాలంటే పాతికేళ్లు ఎక్కువేం కాదు.

1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. ఆ రోజు ప్రత్యక్షతా పండుగ, ఇంగ్లీషులో ఎపిఫని. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన రోజు. తూర్పువాళ్లు కట్టుకున్న గుడికి పేరు కూడా ఆ పండుగదే పెట్టారు.

బయటికి వచ్చాక ఆవరణలో అజరయ్య సమాధి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1945 జనవరి 1న పోయాడు, పండుగకి అయిదు రోజుల ముందు.

స్టేషన్ వైపు నుంచి కూత వినిపిస్తోంది. మెట్ల మీద మీ చెప్పుల పక్కన ముసలమ్మ చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. మెదక్‌కి పిల్లలతో సహా పోయి ఫొటోలు దిగేవాళ్లం మనమే, రాములవారి కల్యాణానికి ఈ జంక్షన్‌లో బండి మారేవాళ్లమూ మనమే. ఈసారి బండి మారేటప్పుడు ఒక గంట ముందే రండి.