డిస్కులో గ్రంథపాతం

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి గ్రంథపాతం కొత్త కాదు. ఆకు చివికిపోయో, పురుగు తొలిచో కొన్ని అక్షరాలు లోపిస్తే పరిష్కర్త అక్కడ చుక్కలు పెట్టి ఊరకుంటాడు. సాహసి అయితే పూరిస్తాడు. పద్యమైతే ఛందస్సు కొంత ఆదుకుంటుంది. ఉత్పలమాలలో పాదం మొదటి అక్షరం పోయినా, యతిస్థానంలోని పదవ అక్షరాన్ని బట్టి అక్కడ ఏయే అక్షరాలు పొసగుతాయో చెప్పవచ్చు. ఇంటి కంప్యూటరులో చెరిగిన ఫైళ్ళను వెలికితీసే విద్య చరిత్రలోనూ ఇటువంటి మొదటి అక్షరమే ఒకటి ఉన్నదంటే మిత్రులు నమ్ముతారో లేదో!

1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన డాస్, ఫైలును తొలగించమంటే తుడిచేది కాదు. అంత శ్రమ దానికెందుకు? డిస్కు మీది పట్టికలో ఆ ఫైలు పేరుకున్న మొదటి అక్షరాన్ని తీసి, ఆ గడిలో 229 అనే సంకేతసంఖ్య రాసేది. ఆ వరుస ఖాళీ అని దానికి గుర్తు. లోపలి పాఠం మాత్రం వేరొక ఫైలు వచ్చి చోటు ఆక్రమించేదాకా పదిలంగానే ఉండేది. ఈ గుర్తు అంతకుముందున్న సి.పి.ఎం. వ్యవస్థలోనిదే. అక్కడ ఆ గడి పేరుకు ముందు విడిగా ఉండేది కనుక పేరుకు హాని లేదు. డాస్‌లో అది పేరులోని గడే కావటంతో ఒక అక్షరం బలి అయింది. జపాను లిపి సంకేతాలలో 229తో మొదలయ్యే అక్షరాలున్నాయి. వాటితో పేరు పెడితే బతికున్న ఫైలు సైతం చచ్చినదానిలా కనబడుతుంది! అందుకని అటువంటి పేర్లకు 229 బదులు 5 రాసే ఏర్పాటు చేయవలసి వచ్చింది.

ఈ రహస్యాన్ని సామాన్యుల ముంగిటికి తెచ్చినవాడు పీటర్ నార్టన్. 1982లో ఆయన వెలువరించిన నార్టన్ యుటిలిటీస్‌లో అన్‌ఇరేజ్ ముఖ్యమైనది. 1991లో ఎం.ఎస్.డాస్ అయిదవ కూర్పులోనే అన్‌డిలీట్ ఆజ్ఞ చేరింది. పోయిన మొదటి అక్షరమేదో చెప్పమని అది యజమానినే అడిగేది. పాపం, దానికి యతి తెలియదు కదా!

పేరు దక్కినా పాఠమంతా దక్కాలని లేదు. ఫైలు ఎక్కడ మొదలైందో, ఎంత పొడవో పట్టికలో మిగిలేవి గాని, నడిమి ముక్కల వరుస చెరిగిపోయేది. పత్రసంఖ్యలు లేని తాటాకుల కట్ట దారం తెగి చెదిరినట్లన్నమాట. ముక్కలన్నీ ఒక్కచోటనే ఉంటే సరి, లేకుంటే ఊహే శరణ్యం.

మా మిత్రులొకరు, వారూ విశ్రాంత ఉపాధ్యాయులే, తమ ఊరివారి శతకాలు పదిహేడింటిని టైపు చేసి దాచుకున్నారు. మనుమడి చేతిలో ఆ ఫోల్డరు తొలగిపోయింది. మరమ్మతుకు వచ్చిన కుర్రవాడు వెలికితీసే సాఫ్టువేరును తెచ్చి అదే డిస్కు మీద ఎక్కించాడు. ఏ చోటును కాపాడాలో ఆ చోటునే కప్పాడు! పదకొండు దొరికాయి. దొరకని ఆరింటిలో ఒకదాని మూలప్రతిని అప్పటికే చెదలు తినేశాయి. ఆ శతకం ఇక లేదు.

చెత్తబుట్ట బొమ్మ 1983లో ఆపిల్ లీసాలో, మరుసటి ఏడు మెకింటాష్‌లో వచ్చింది. విండోస్‌లో రీసైకిల్ బిన్ 1995లో. తొలగించినవాటికి అది చాలును. తొలగించక, తప్పుగా మార్చి పాతదాని మీదనే భద్రపరచిన ఫైలు మాటేమిటి? నా దృష్టిలో ఇదే పెద్ద ఆపద. పోయిన ఫైలు పోయినట్లు తెలుస్తుంది, మారిన పాఠం మారినట్లు చెప్పదు. లేఖక ప్రమాదాలు శతాబ్దాలు దాగినది ఇందువల్లనే. పాత పాఠాలను దాచే వసతి 2007లో ఆపిల్ టైమ్ మెషీన్‌గా వచ్చింది. అదే ఏడు విండోస్ విస్టాలోనూ వచ్చింది గాని, ఇళ్ళకని అమ్మిన హోమ్ కూర్పులలో ఇవ్వలేదు! అక్కరలేదనుకున్నారు కాబోలు. 2009 నాటి విండోస్ 7లో అందరికీ ఇచ్చారు.

అదే విండోస్ 7తో ట్రిమ్ అనే ఆజ్ఞ కూడా వచ్చింది. తిరిగే పళ్ళెం లేని ఎస్.ఎస్.డి.లకు, ఫలానా చోటు ఇక అక్కరలేదని అది తెలియజేస్తుంది. ఆ డిస్కు తీరిక చూసుకుని అక్కడి అక్షరాలను నిజంగానే తుడిచివేస్తుంది. బుట్టను కూడా ఖాళీ చేశాక అటువంటి డిస్కులో నార్టన్ విద్యకు సాధారణంగా పని ఉండదు. మిత్రుని డిస్కు పాత పళ్ళెపుది కనుకనే ఆ పదకొండయినా దక్కాయి.