గురికి గీతలు గీసినవాళ్లు

పెద్దపల్లి జిల్లా మంథని దాటి గోదావరి ఒడ్డుకు పోతే అవతల గట్టు మంచిర్యాల జిల్లా. ఆ మడుగుల్లో శివ్వారం అభయారణ్యం మొసళ్లు, ఆ పైన చెన్నూరు వైపు సాగే అడవి. ఇక్కడ విల్లు పట్టుకుని వేటకు పోతే కేసు అవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాల జాబితా రాసినప్పుడు తుపాకులు, వలలు, ఉచ్చులు, విషంతోపాటు విల్లంబులనూ అందులో చేర్చింది.

కాబట్టి "నా వేట క్రాస్‌బో స్కోపు పాడైంది, దాని బదులు ఏది కొనమంటారు?" అనే ప్రశ్న మంథని అంగట్లో వినబడదు. అమెరికాలో మాత్రం జింకల సీజను దగ్గరపడుతుంటే వేట సామాన్ల దుకాణాల్లో అడగని రోజుండదు. చూడడానికి ఇది ఒక బేరం సంగతే. కానీ దానికి సరైన జవాబు తయారవడానికి తొమ్మిది వందల ఏళ్ల కంటే ఎక్కువే పట్టింది. ఆ జవాబు దారి ఒకసారి మన తెలంగాణ అడవుల మీదుగా పోయింది, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా దాకా వచ్చింది.

క్రాస్‌బో అంటే తుపాకీలాంటి కర్రకు అడ్డంగా బిగించిన విల్లు. నారిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి, ట్రిగ్గర్ నొక్కితే బాణం వదులుతుంది. భుజానికి ఆనించి కొట్టేది, పైన ట్యూబు స్కోపు ఉండేది కావడంతో కొత్తగా కొన్నవాళ్లు దాన్ని తుపాకీకి తమ్ముడనుకుంటారు. స్కోపు పగిలితే ఇంట్లో మూలనున్న రైఫిల్ స్కోపు తీసి బిగిస్తారు. పని చెడేది అక్కడే.

లెక్క చూడండి. ఓ మోస్తరు క్రాస్‌బో బాణం వేగం సెకనుకు 300 అడుగులు, అంటే మన ప్లాట్ల లెక్కలో సెకనుకు 100 గజాలు. 20 గజాల దూరం చేరడానికి దానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ కాస్త టైములోనే భూమి దాన్ని దాదాపు 20 సెంటీమీటర్లు కిందికి గుంజుతుంది. 40 గజాలకు చేరేసరికి 78 సెంటీమీటర్లు పడిపోతుంది. 60 గజాల దగ్గర మీటరూ ముప్పావు దాటుతుంది. గాలి అడ్డును లెక్కలో కలపకుండానే ఇంత. దూరం రెండింతలైతే పతనం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. సెకనుకు 800 మీటర్లు పోయే రైఫిల్ గుండు అదే 60 గజాల్లో రెండున్నర సెంటీమీటర్లు కూడా పడదు. అందుకే రైఫిల్ స్కోపులో ఒక్క ప్లస్ గుర్తుతో పని జరిగిపోతుంది. క్రాస్‌బోకు అది చాలదు. 20 గజాలకో గీత, 30కో గీత, 40కో గీత కావాలి. దూరపు గీతను జింక మీద పెడితే విల్లు ముక్కు దానంతటదే పైకి లేస్తుంది, పడిపోవాల్సినంత బాణం దారిలో పడిపోయి సరిగ్గా అక్కడికి చేరుతుంది. దుకాణాల్లో జనం మొదట అడిగేది "ఎన్ని ఎక్స్ జూము?" అని. అడగాల్సింది గీతల సంగతి.

ఈ గీతల ఆలోచన అద్దాల కంటే పాతది. చైనాలో ప్రాచీన క్రాస్‌బోలకు కంచు ట్రిగ్గర్లు ఉండేవి. మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ సమాధి దగ్గర మట్టి సైనికులతోపాటు అలాంటివి బయటపడ్డాయి. నారిని పట్టే కొక్కెం వెనుక ఒక పలక నిలువుగా పైకి లేచి ఉంటుంది. దాని మీదుగా బాణం మొనను చూస్తూ గురి పెట్టేవాళ్లు. తర్వాతి కాలపు కొన్నింటిలో ఆ పలక మీద స్కేలు మీదున్నట్టు గాట్లు కనిపిస్తాయి.

పదకొండో శతాబ్దంలో షెన్ కువో అనే అధికారికి ఈ గాట్ల గుట్టు దొరికింది. ఆయన ఖగోళం, గణితం, భూగర్భం అన్నింటిలో వేలు పెట్టినవాడు. హాయిజో అనే ఊళ్లో నేల తవ్వుతుంటే పాత క్రాస్‌బో ఒకటి బయటపడింది. దాని గురిపలక పొడుగ్గా ఉంది, పక్కన గాట్లున్నాయి. బాణం మొనకూ పలక మీది గాటుకూ మధ్య కోణం మారితే గురి ఎత్తు మారుతుందని, ఇది లంబకోణ త్రిభుజంతో ఎత్తులు కొలిచే లెక్కేనని ఆయన పసిగట్టి తన పుస్తకంలో రాసుకున్నాడు. అంటే ఈరోజు స్కోపులో కనిపించే గీతల నిచ్చెన లోహం మీద అప్పటికే ఉంది. లేనిదల్లా అద్దం.

అద్దం లోపలికి గీత రావడానికి ఒక సాలీడు సాయపడింది. ఉత్తర ఇంగ్లండులో లీడ్స్ దగ్గర విలియం గాస్కాయిన్ అనే యువకుడు టెలిస్కోపులతో పనిచేస్తుండేవాడు. గెలీలియో వాడిన టెలిస్కోపులో కంటి దగ్గర పుటాకార కటకం ఉంటుంది, దాని గొట్టంలో బింబం ఎక్కడా నిలబడదు. 1611లో కెప్లర్ చెప్పిన నమూనాలో రెండూ కుంభాకార కటకాలే, వాటి మధ్య ఒకచోట నక్షత్రం బొమ్మ నిజంగా గాల్లో నిలుస్తుంది. గాస్కాయిన్ చేతిలో ఉన్నది ఈ రెండో రకం. 1640కి కాస్త అటూఇటుగా ఒకనాడు ఆయన గొట్టం తెరిచి ఉంచితే సాలీడు లోపల దారం కట్టింది. తిరిగి కన్ను పెడితే ఆకాశం ఎంత స్పష్టంగా ఉందో దారమూ అంత స్పష్టంగా ఉంది! బొమ్మ నిలిచే చోటే ఆ పోగు పడింది మరి. చూపును ఏ బిందువు మీద పెట్టామో చెప్పే గుర్తు దొరికిందని గాస్కాయిన్‌కు వెంటనే వెలిగింది. ఆ దారాలతో ఆయన కోణాలు కొలిచే మైక్రోమీటరు చేశాడు. 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో రాజు పక్షాన పోరాడుతూ చనిపోయాడు. ఆయన పని అచ్చులోకి రాలేదు. 1667లో రిచర్డ్ టౌన్లీ రాయల్ సొసైటీకి రాసేదాకా లోకానికి తెలియనే లేదు.

ఆ తర్వాత ఈ పోగులు భూమి కొలిచేవాళ్ల చేతికొచ్చాయి. థియోడలైట్ గొట్టంలో నిజంగానే సాలీడు పోగులు లాగి కట్టేవాళ్లు. వెంట్రుక కంటే సన్నం, తెగితే ఇంకో సాలీడును పట్టుకోవచ్చు. అలాంటి పరికరాలతోనే విలియం లాంబ్టన్ మద్రాసు నుంచి మొదలుపెట్టి దక్కను అంతా త్రిభుజాలుగా కొలుచుకుంటూ వచ్చాడు. 1818లో ఆయన దగ్గర జార్జ్ ఎవరెస్ట్ అసిస్టెంటుగా చేరాడు. తర్వాత హిమాలయ శిఖరానికి పేరైన మనిషే. ఆయనకు అప్పగించింది నిజాం రాజ్యంలో కృష్ణా గోదావరుల నడుమ దేశం. కొండ నుంచి కొండకు చూపు సాగాలంటే అడ్డమొచ్చిన టేకు చెట్లు కొట్టాలి, జెండా కట్టాలి, దీపం పెట్టాలి. వానల కాలంలో మలేరియా జ్వరం ఆయన బృందం మొత్తాన్ని కూలదోసింది. 1820లో ఎవరెస్ట్ ఆరోగ్యం కోసం కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు పోవాల్సి వచ్చింది. ఏది ఏమైనా ఈ అడవుల్లో అద్దంలోంచి గీత పెట్టి గురి చూసినవాళ్లలో మొదటి తరం ఈ సర్వేవాళ్లే అయ్యుండాలి. వాళ్లు గురి పెట్టింది జెండాల మీద, దీపాల మీద.

అడవి మనుషుల విల్లుకు మాత్రం గీతా లేదు, గాటూ లేదు. మధ్య భారత అడవుల్లో వెదురు బద్దనే విల్లుగా వంచి, వెదురు పేడునే నారిగా కట్టుకునే పద్ధతి ఉంది. ఆ విల్లుతో కొట్టేవాడి విద్యంతా దూరాన్ని కొలవడంలో కాదు, దూరాన్ని తగ్గించడంలో ఉంటుంది. గాలి వాటం చూసుకుని, పొద చాటున కూర్చుని, జంతువు దగ్గరికొచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాడికి 60 గజాల గీతతో పనేముంది?

థియోడలైట్‌లో లోకం తలకిందులుగా కనిపించేది. కెప్లర్ టెలిస్కోపు స్వభావమే అది. సర్వేవాళ్లు దానికి అలవాటుపడ్డారు కానీ తుపాకీవాడు తలకిందుల జింకను కొట్టలేడు. అందుకని తుపాకీ స్కోపులో బొమ్మను తిరిగి నిలబెట్టే ఇంకో కటకాల జత పెట్టాల్సి వచ్చింది. అమెరికాలో 1835–40 ప్రాంతంలో జాన్ చాప్మన్ అనే ఇంజనీరూ, మోర్గన్ జేమ్స్ అనే తుపాకులు చేసేవాడూ కలిసి పొడుగాటి గొట్టం స్కోపులు తయారుచేశారు. 1855లో విలియం మాల్కం వాటి కటకాలను మెరుగుపరిచాడు. నేటి స్కోపులో ఆ తిప్పే కటకాలు చిన్న గొట్టంలో కూర్చుని, ఒక స్ప్రింగు ఒత్తిడి మీద నిలబడతాయి. పైన మరలు తిప్పితే కదిలేది ఆ లోపలి గొట్టమే.

క్రాస్‌బో మీద రైఫిల్ స్కోపు చచ్చిపోయేది కూడా అక్కడే. తుపాకీ పేలితే తన్ను ఒకే దిక్కు, వెనక్కి. రైఫిల్ స్కోపు ఆ దెబ్బకు తట్టుకునేలా కడతారు. క్రాస్‌బో చేతులు మాత్రం ముందుకు దూకి టక్కున ఆగుతాయి, కర్ర ఒకసారి ఇటు, ఒకసారి అటు తంతుంది. జాతరలో బుడగలు కొట్టే స్ప్రింగు ఎయిర్‌గన్‌దీ ఇదే గుణం. లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకి ఆగడం వల్ల పెద్ద రైఫిళ్ల మీద ఏళ్లు నడిచిన స్కోపులు దాని మీద కొన్నాళ్లకే గురి తప్పుతాయి. అందుకే క్రాస్‌బోకు మారు స్కోపు కొనేటప్పుడు రెండు దిక్కుల తన్నుకూ ఓర్చేలా చేసిందేనా అని చూసుకోవాలి. రైఫిల్ స్కోపుతో ఇంకో చిక్కుంది. దాన్ని సాధారణంగా 100 గజాలకు సరిచేస్తారు. 20 గజాల దగ్గర కన్ను కాస్త పక్కకు జరిగితే గీతా గురీ విడిపోతాయి.

ఇక గీతలు బాణం వేగానికి సరిపోవాలి. ఒకరి విల్లు సెకనుకు 300 అడుగులు కొడితే ఇంకొకరిది 400. ఇద్దరి బాణాల పతనం ఒకటి కాదు, కాబట్టి గీతల ఎడమూ ఒకటి కాకూడదు. ఈ చిక్కును స్కోపు చేసేవాళ్లు విప్పిన తీరు నాకు భలే నచ్చుతుంది. ఈ రకం స్కోపుల్లో గీతలున్న అద్దం కంటి వైపున ఉంటుంది. జూము తిప్పితే బొమ్మ పెరుగుతుంది, తరుగుతుంది, గీతలు మాత్రం కదలకుండా ఉంటాయి. అంటే జూము తగ్గించినకొద్దీ రెండు గీతల మధ్య పట్టే జాగా ఎక్కువవుతుంది. నెమ్మది బాణానికి కావాల్సింది అదే. జూము రింగు మీద పెంపు అంకెల బదులు బాణం వేగాలు అచ్చేశారు, అంతే! మన విల్లు వేగం దగ్గర రింగు ఆపితే గీతలన్నీ ఒకేసారి సర్దుకుంటాయి.

డబ్బా మీద రాసిన వేగాన్ని నమ్మితే మాత్రం దెబ్బతింటారు. తయారీదారు తేలిక బాణంతో కొలిచిన అంకె అది. మన బాణం బరువైనదైతే వేగం తగ్గుతుంది. ముందు 20 గజాల దగ్గర పై గీతను సరిచేసుకోవాలి. సాధారణంగా మర ఒక క్లిక్కు తిరిగితే 100 గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. 20 గజాల దగ్గర అదే క్లిక్కు 1.3 మిల్లీమీటర్లే, కాబట్టి ఐదు సెంటీమీటర్ల తేడా సరిచేయాలంటే 39 క్లిక్కుల దాకా తిప్పాలి. కొత్తవాళ్లు నాలుగైదు తిప్పి మర పనిచేయట్లేదంటారు. ఆ తర్వాత 40 గజాలకు వెళ్లి, 40 గీతతో కొట్టి, బాణం కింద పడితే రింగును తక్కువ వేగం వైపు, పైన పడితే ఎక్కువ వేగం వైపు జరుపుకోవాలి. ఇంత చేసినా దూరం అంచనా తప్పితే లాభం లేదు. 40 గజాలనుకున్నది నిజానికి 45 అయితే బాణం 11 సెంటీమీటర్లు కింద తగులుతుంది. జింక చావదు, గాయంతో పారిపోతుంది. స్కోపు మంచిదైనకొద్దీ దూరం కొట్టాలనే ఆశ పెరగడమే ఈ వేటలో పెద్ద దోషమని నా అభిప్రాయం.

మన దగ్గర అద్దం విల్లెక్కింది వేట కోసం కాదు, పోటీ కోసం. 1966లో అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ విల్లు కొసలకు కప్పీలు బిగించి పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1969లో అది చేతికొచ్చింది. అదే కాంపౌండ్ విల్లు. నారి పూర్తిగా లాగాక కప్పీల వల్ల చేతి మీద బరువు చాలావరకు తగ్గిపోతుంది, తీరిగ్గా గురి చూసుకోవచ్చు. ఇప్పటి వేట క్రాస్‌బోలు చాలావాటిలో ఉన్నవీ ఈ కప్పీలే. ప్రపంచ ఆర్చరీ నియమాల్లో రికర్వ్ విల్లుకు పెంపు కటకం నిషేధం, కాంపౌండ్‌కు అనుమతి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్‌తోనే. మన పెద్దపల్లి జిల్లాకు చెందిన తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ యూత్ పోటీల్లో అండర్ 21 కాంపౌండ్ స్వర్ణం తెచ్చింది.

వాళ్ల స్కోపులో గీతల నిచ్చెన ఉండదు. గుండ్రటి కటకం మధ్య ఒక చుక్క, లేదా చిన్న వలయం. కింద విల్లు వాలిందా నిటారుగా ఉందా చెప్పే నీటి బుడగ. నారిలో అల్లిన చిన్న రంధ్రంలోంచి ఆ కటకాన్ని చూస్తారు. ఆరుబయట జరిగే కాంపౌండ్ టార్గెట్ పోటీలో దూరం ఎప్పుడూ 50 మీటర్లే, పదికి పది ఇచ్చే వలయం 8 సెంటీమీటర్లు. దూరం మారనప్పుడు ఒక్క చుక్క చాలు. మరి వీళ్లకు కటకం ఎంపికలో తంటా ఏమిటి? పెంపు ఎక్కువైతే వలయం పెద్దగా కనబడుతుంది, దాంతోపాటు చేతి వణుకూ పెద్దగా కనబడుతుంది. చుక్క నడిమి పసుపు వలయం మీద ఆగకుండా తిరుగుతుంటే బాణం వదలడానికి మనసొప్పదు, ఆలస్యం చేసినకొద్దీ చేయి ఇంకా వణుకుతుంది. అందుకని ఎక్కువ పెంపు కటకం కొనుక్కుని తర్వాత తక్కువదానికి దిగేవాళ్లుంటారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ మొదటిసారి ఉంటుంది. కటకం బిగించిన విల్లు ఒలింపిక్ వరుసలో నిలబడడం కూడా అప్పుడే మొదలు.